వాన తర్వాత మావాడు

సినిమా రావడానికి ముందు ఎంత తతంగం ఉంటుందో ఆ ఎండాకాలం దాకా నాకు తెలియదు. ముందు పేరు చెబుతూ ఒక వీడియో వదిలారు. తర్వాత హీరో వీపు మాత్రమే కనిపించే పోస్టరు. తర్వాత పాటలు ఒక్కొక్కటీ, మనిషి కనపడకుండా అక్షరాలు మాత్రం పరిగెత్తేవి. ఆ పైన టీజరు. టీజరు అయ్యాక, ట్రైలరు ఏ రోజు వస్తుందో చెప్పడానికి ఇంకో వీడియో. రాబోయేదానికి ముందు రాబోయేది ఎప్పుడు వస్తుందో చెప్పేందుకు కూడా ఒకటి తీస్తారని, దాని కోసం జనం కాచుకుని కూర్చుంటారని ఎవరైనా అంతకు ముందు నాతో అంటే, వాళ్ళకేం పనీ పాటా లేదా అని నవ్వేదాన్ని. చివరికి అందరికంటే ఎక్కువగా కాచుకుని కూర్చున్నది మా ఇల్లే. మా ఇల్లంటే నేనూ మా అత్తా. మా అత్త పుష్పకుమారి బుద్ధెరిగాక సినిమా హాలు గడప తొక్కని మనిషి.

మా ఆయన జడ్సన్, తడ దగ్గరి కంపెనీలకు మనుషుల్ని తీసుకుపోయే బస్సు నడిపేవాడు. ఆ ముందటి వానల చివర సినిమా వాళ్ళు పులికాట్ సరస్సు మధ్య రోడ్డు మీద షూటింగు పెట్టుకుని, ఆదివారం ఖాళీగా ఉండే ఆ బస్సును అద్దెకు మాట్లాడుకున్నారు. బస్సుతో పాటు డ్రైవరూ పోయాడు. డ్రైవరు వేషం కట్టాల్సిన మనిషికి అంత బండి తిప్పడం చేతకాలేదట. డైరెక్టరు విసిగిపోయి, నువ్వే ఉండవయ్యా, హీరో దగ్గర ఆపి కిటికీలోంచి తల బయటపెట్టి ఒక మాట అను, చాలు అన్నాడట.

"ఏం మాట?" అని అడిగాను ఆ సాయంత్రం. ఆయన మెడ మీద ఇంకా పౌడరు చారలున్నాయి.

"చెప్పకూడదు మే. సినిమా వచ్చిందాకా బయట పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపినారు."

"నువ్వన్న మాట బయటికొస్తే సినిమా మునిగిపోతాదా?"

"మునగదు. హాల్లో కూర్చుని ఇంటే ఉండే రుచి ఇప్పుడే చెప్పేస్తే ఉండదు. కొంచెం ఓపిక పట్టు."

నా దగ్గర ఏదీ దాచుకోలేని మనిషి ఆయన. అలాంటిది దాచడానికి ఒకటి దొరికేసరికి మహా సంబరపడిపోయాడు. నేను ఎన్ని విధాలుగా అడిగినా పెదాలు బిగించి నవ్వేవాడు.

అత్తకు మాత్రం కోపంగా ఉంది. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ముఖానికి రంగు పూసుకొచ్చాడని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆయన మంచం పక్కన గొంతుక్కూర్చుని బతిమాలాడు.

"అమ్మా, వాళ్ళు రాసిచ్చిన మాట బాలేదని నేను నీ మాట అన్నాను. నువ్వు రోజూ అనేదే. డైరెక్టరు కూడా నవ్వి, ఇదే ఉంచుదాం అన్నాడు. దీనికి చెప్పను గానీ నీకొక్కదానికి చెప్తా. చెవి ఇట్టా పెట్టు."

"సినిమా మాటలు నా చెవిన వెయ్యొద్దు," అంది అత్త. "పో, పొయ్యి నీళ్ళు పోసుకో."

ఆయన నవ్వుకుంటూ పోయి నీళ్ళు పోసుకున్నాడు. నెల తిరక్కముందే ఒక పొద్దున డ్యూటీలో ఉండగా గుండె పట్టేసింది. బస్సు రోడ్డు పక్కకు తీసి ఆపాడు, ఎక్కినవాళ్ళలో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఆసుపత్రికి చేర్చేసరికి ఆయన లేడు. ఆ గందరగోళంలో ఆయన ఫోను ఎవరు కొట్టేశారో అదీ లేకుండా పోయింది. ఫొటోలు, వీడియోలు అన్నీ దాంట్లోనే ఉండేవి. అప్పటికి నాది బటన్ల ఫోను. ఇంట్లో మిగిలింది పెళ్ళి ఆల్బమొకటి. అందులో ఆయన అరువు తెచ్చుకున్న కోటు వేసుకుని, ఎవరో తిట్టినట్టు బిగుసుకుపోయి ఉంటాడు. గొంతయితే ఎక్కడా మిగల్లేదు.

నేను చెప్పులు కుట్టే కంపెనీలో చేరి, వాయిదాల మీద ఒక టచ్ ఫోను కొనుక్కున్నాను. అత్త తినడం తగ్గించింది. పెట్టిన అన్నంలో సగం కోడికి వేసి, తిన్నానని చెప్పేది. రోజులు అలా ఈడ్చుకుంటూ ఈస్టర్ దాకా వచ్చాం.

ఈస్టర్ అయిన తర్వాతి వారంలో ఒక సాయంత్రం కిషోర్ బాబు మోటారు సైకిలు వేసుకుని వచ్చాడు. మా ఆయన దగ్గర క్లీనరుగా చేరి డ్రైవింగు నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఆ బస్సు నడుపుతున్నది అతనే. బండి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికొచ్చాడు.

"వదినా, ట్రైలరు వదిలినారు. అన్న ఉండాడు."

అత్త పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఆ సినిమా గోల బయట పెట్టుకోండయ్యా," అంది తలెత్తకుండా.

నేను అతని ఫోను చేతిలోకి తీసుకున్నాను. బజారులో కొట్లాట, హీరో అరుపులు, ఎవరో పెద్దాయన కన్నీళ్ళు, వానలో పాట. వాన అయిపోగానే నీళ్ళ మధ్యన రోడ్డు. బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి జడ్సన్ తల బయట పెట్టి ఇటు తిరిగాడు, పెదాల చివర చిన్న నవ్వు, నోరు తెరిచాడు. అంతే. డప్పుల మోత మీద ఒక కారు పేలిపోయింది. నేను గడప మీద కూర్చుండిపోయాను. పెళ్ళి ఆల్బములో బిగుసుకుపోయిన మనిషి కాదు. రోజూ గేటు దగ్గర బండాపి, అన్నం వండినావా అని అడిగే మనిషి.

నేను ఏడుస్తున్నానని అత్త లేచి వచ్చింది. ఫోను ఆమె ముందు పెట్టాను. చూసింది. చింతపండు చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

"మళ్ళా పెట్టు," అంది.

మళ్ళీ పెట్టాను. ఇంకోసారి పెట్టాను.

"నోరు తెరిచినాడు. ఏదో అంటా ఉండాడు. పెద్దగా పెట్టు మే."

పెద్దగా పెట్టాను. డప్పులు పెద్దవయ్యాయి గానీ మాట రాలేదు.

"ట్రైలర్లో అంతే పెద్దమ్మా," అన్నాడు కిషోర్ బాబు. "మాట తీసేసి పాట ఏస్తారు. సినిమాలో ఇనపడతాది."

"సినిమాలో ఖాయంగా ఉంటాదా?"

"ట్రైలర్లో చూపించింది సినిమాలో లేకుండా యాడికి పోతాది పెద్దమ్మా?"

ఆ మాట మేం ముగ్గురం నమ్మాం. నమ్మకుండా ఎలా ఉంటాం? ముందు చూపించేది లోపల ఉండేదానికి నమూనా అని ఎవరైనా అనుకుంటారు. కొట్టువాడు గుప్పెడు బియ్యం చేతిలో పోసి చూపిస్తే, సంచిలో ఉన్నవి కూడా అవే అనుకుంటాం.

ఆ రోజు నుంచి మా ఇంటికి ప్రాణం వచ్చింది. ఇది సిగ్గుపడుతూ చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. అత్త వేళకు తినడం మొదలుపెట్టింది. నేను కంపెనీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కోనిచ్చేది కాదు, ఫోను అడిగేది. వారం తిరిగేలోగా ఎక్కడ నొక్కితే ట్రైలరు వస్తుందో, ఎక్కడ నొక్కితే ఆగుతుందో నేర్చుకుంది. మొదటి నుంచీ చూసేది. నేరుగా కొడుకు దగ్గరికి పోతే అదేదో దొంగతనంలా ఉంటుందట. కొట్లాట, పెద్దాయన ఏడుపు, వాన, వాన తర్వాత మావాడు అని వేళ్ళు మడిచేది. అక్కడ ఆపి, ఆయన పెదాల వంక చూస్తూ, తను రోజూ అనే మాటలు ఒక్కొక్కటీ పైకి అని చూసేది.

"నిదానంగా పో నాయనా." కాదు, తల అడ్డంగా ఊపేది. "ఇంత తిని పో." ఊహూఁ. "తొందరేముంది, ఎక్కు." ఇది కావచ్చేమో అని నా వైపు చూసేది. "నేను ఇన్ని మాటలు అంటానా మే రోజూ? దీంట్లో వాడు ఏది పట్టుకున్నాడో."

నేనూ ఆ పెదాలు చూసి చూసి ఏదీ తేల్చుకోలేకపోయాను. ఆ రెప్పపాటులో ఎవరు ఏ మాట పెడితే ఆ మాట అంటున్నట్టే ఉండేది.

నాయుడుపేట హైవే పక్కన పెద్ద బోర్డు లేచింది. బస్సులో పోతూ రోజూ చూసేదాన్ని. హీరో ఇంటర్వ్యూ ఇచ్చాడంటే అత్త అది కూడా చూడాల్సిందే, బస్సు సంగతి ఏమైనా చెబుతాడేమోనని. అతను ఏమీ చెప్పేవాడు కాదు, ఈ సినిమాలో ప్రతి సీనూ ప్రాణం పెట్టి తీశాం అనేవాడు. అది విని ఆమె మురిసిపోయేది. "సాయంత్రం ఇంకోటి వదుల్తారంట మే" అని మా అత్త నాకు కబురు చెప్పే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మధ్యలో ఒకసారి సినిమా వాయిదా పడింది. గ్రాఫిక్సు పని తెమల్లేదట. రెండు పూటలు ఆమె మంచం దిగలేదు. మళ్ళీ కొత్త తేదీ వేసిన పోస్టరు చూపిస్తే లేచి తల దువ్వుకుంది.

ఇంత ఆశలోనూ ఆమెకు ఒక ముల్లు ఉంది. మా సంఘంలో సినిమా హాలుకు పోయినవాళ్ళకు ప్రభువు బల్ల ఆపేస్తారు. నెలకోసారి మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు కదా, అది ముట్టనివ్వరు. తర్వాత సంఘం ముందు లేచి నిలబడి, తప్పయిపోయిందని ఒప్పుకుంటే చేర్చుకుంటారు. మా కుర్రకారంతా ఫోన్లలో రాని సినిమా లేదు, చూడని సినిమా లేదు. అది పట్టదు. హాలుకు పోతేనే పట్టింపు. నేను పెళ్ళికి ముందు ఎన్నోసార్లు పోయి, ఎన్నోసార్లు ఒప్పుకున్నదాన్నే. అత్త అలా కాదు. చిన్నప్పుడు బాప్తిస్మం పొందినప్పటి నుంచి బల్ల తప్పలేదు. కొడుకును మట్టిలో పెట్టిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం కూడా, ఇద్దరు పట్టుకుంటే పోయి తీసుకుంది. ఆ ముక్క నోట్లో పడితేనే నాకు నెల గడుస్తాది అనేది.

ఎవరికీ చెప్పకుండా పోయొద్దాం అన్నాను. నాయుడుపేటలో మనల్ని ఎవరు చూస్తారు?

"దొంగచాటుగా పొయ్యి ఇంటే, వాడి మాట నాకేం బాగుంటాది మే," అంది. చీర మార్చుకుని కృపాదానం అయ్యగారింటికి బయల్దేరింది. నేనూ వెంట పోయాను.

అయ్యగారు మంచి మనిషి. మా ఆయన్ను సమాధి చేసేటప్పుడు ప్రార్థన మధ్యలో ఆగిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. అత్త కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"అయ్యా, నేను సినిమాకు పోతా ఉండా. చెప్పి పోదామని వచ్చినా."

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "ఫోన్లో చూసుకుంటా ఉండావని తెలుసమ్మా. తల్లివి, నేనేం అనలేదు. హాలుకు పోతానంటే ఊరుకోలేను. నిన్ను వదిలేస్తే రేపు కుర్రోళ్ళను ఏమని ఆపేది?"

"నన్ను వదిలెయ్యమని అడగటానికి రాలేదయ్యా."

"బల్ల పోతాదమ్మా."

"తెలుసు." ఆమె చెంగు కొస వేలికి చుట్టుకుంది. "నా బిడ్డ నా చెవిలో చెప్తానని వచ్చినాడు. నేను ఇననన్నాను. ఆ ఒక్క మాట ఇనొస్తాను. తర్వాత మీరేం చెప్తే అది చేస్తా."

అయ్యగారు లేచాడు. గేటు దాకా వచ్చి, ఎండగా ఉంది ఆటోలో పొండమ్మా అన్నాడు.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకు కిషోర్ బాబు టికెట్లు తెచ్చాడు. నాయుడుపేటలో హాలు ముందు డప్పులు, పాలాభిషేకాలు, మెడ నొప్పెట్టేంత ఎత్తున హీరో బొమ్మ. అత్త ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది. ఆరాధనకు పోయే చీర. పొద్దుటి ఆట వదిలి జనం బయటికొస్తున్నారు. ఒకడు చెమట తుడుచుకుంటూ పక్కవాడితో అంటున్నాడు: "ఏముందిరా ఈళ్ళ బొంద. ట్రైలర్లో ఉండేదే ఉండాది. దాన్నే సాగదీసినాడు."

అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖం అంత వెలగడం ఆ మధ్య నేను చూడలేదు.

"ఇన్నావా మే? ట్రైలర్లో ఉండేదే ఉండాదంట."

లోపల జనం ఆ సినిమా చూడ్డానికి వచ్చినట్టు లేరు, ఒప్పజెప్పించుకోవడానికి వచ్చినట్టున్నారు. హీరో నోరు తెరవకముందే మాట ముందు వరసలోంచి వచ్చేసేది. హాస్యగాడు తలుపు తీయకముందే నవ్వు వచ్చేసేది. పెద్దాయన ఏడ్చే చోట ఎవరూ ఏడవలేదు. అందరికీ అది తెలిసిన ఏడుపు, ఫోన్లలో అరిగిపోయింది. ఇక్కడ ఇప్పుడు ఏడుస్తాడు చూడు అని నా వెనకాల ఒకమ్మాయి పక్కనమ్మాయికి చెప్పింది. అతను ఏడ్చాడు. వాళ్ళు పాప్‌కార్న్ తిన్నారు.

మా అత్త కూడా ఒప్పజెప్పించుకుంటూనే ఉంది. వెన్ను ఆనించకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆరాధనలో కూర్చున్నట్టు కూర్చుంది. ఆమెకు బెంగ పట్టుకుంది. ట్రైలర్లో ముందు వచ్చిన కొట్లాట ఇక్కడ ఎంతకీ రాదు. వెనక వచ్చే కారు పేలడం ముందే వచ్చేసింది.

"ఇది మావోడి తర్వాత గదా రావాల. ముందే వచ్చిందే."

"సినిమాలో వరస మారుస్తారత్తా."

"వాన ఇంకా రాలేదుగా. అయితే ఉండాడు."

విరామంలో కిషోర్ బాబు కూల్‌డ్రింకు తెస్తే ముట్టలేదు. బయటికి పోతే ఎక్కడ వాన మొదలైపోతుందోనని సీటులోంచి లేవలేదు.

విరామం తర్వాత వాన వచ్చింది. పాట మొదలవగానే అత్త చెంగు తల మీదికి లాక్కుంది. ప్రార్థనకు తప్ప ఆమె ముసుగు వెయ్యదు. ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుంది. పాటంతా హాలు ఊగిపోయింది, ఈలలు, కాగితం ముక్కలు. పాట అయిపోయింది. తెరంతా నీళ్ళు, మధ్యలో రోడ్డు, దూరంగా తెల్ల పక్షులు. రోడ్డు చివర చుక్కలాగా బస్సు. అది మా బస్సే.

"వస్తా ఉండాడు," అంది అత్త.

బస్సు దగ్గరికొచ్చింది. హీరో వీపు కనిపిస్తోంది, చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. తర్వాత హీరో ఎవరింట్లోనో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నేను తెర వంకే చూస్తున్నాను. నా మణికట్టు మీద పట్టు వదలలేదు. కాసేపటికి అత్త చిన్నగా అడిగింది.

"నేను రెప్ప కొట్టినానా మే?"

"లేదత్తా."

"మరి దాటిపోయిందా?"

"రాలేదత్తా."

"ఇంకా ఉండాది గదా సినిమా," అంది. చెంగు తల మీద అలాగే ఉంచుకుంది.

ఉన్న సినిమా అంతా చూశాం. విలన్ చచ్చిపోయాడు, హీరో పెళ్ళి చేసుకున్నాడు, పేర్లు పడ్డాయి. జనం పోయారు. ఊడ్చేవాళ్ళు వచ్చి వరసల మధ్య చీపుళ్ళు వేశారు. పేర్లయ్యాక వస్తాడేమోనని అత్త తెల్లటి తెర వైపే చూస్తూ కూర్చుంది. నేను లెమ్మని అనలేకపోయాను. చివరికి ఊడ్చే ఆమే, "అయిపోయిందమ్మా, తర్వాత ఆటకు జనం వస్తారు," అంది. బయట కిషోర్ బాబు మోటారు సైకిలు దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు. మా ముఖం చూడలేకపోయాడు. పాపం అతను చేసిందేముంది.

ఊరంతా ఒకటే మాట, ట్రైలర్లో ఉన్నదే సినిమాలో ఉందని, కొత్తగా ఏమీ లేదని. మాకు ట్రైలర్లో ఉన్నది సినిమాలో లేదు. అంత పెద్ద ఊళ్ళో ఆ సినిమా మోసం చేసింది మా ఇద్దరినే.

అక్కడితో వదిలి ఉంటే బాగుండేది. సినిమా వాళ్ళు వదల్లేదు. హాల్లో జనం పల్చబడగానే మైకు కట్టిన ఆటో మా వీధిలోకి వచ్చింది. ప్రేక్షకుల కోరిక మేరకు నేటి నుంచి కొత్త సన్నివేశాలు జత చేశాం, చూసినవారు మళ్ళీ చూడండి, అని అరుస్తూ. అత్త పరిగెత్తుకుంటూ పోయి ఆటో ముందు నిలబడింది.

"నాయనా, కలిపిన దాంట్లో బస్సు డ్రైవరు ఉండాడా?"

"నాకేం తెలుసవ్వా. నాకిచ్చిన మాట నేను ఏసుకుంటా పోతా ఉండా," అన్నాడు ఆటో అతను. పాపమనిపించిందేమో, "ఉంటాడులే, పొయ్యి చూడు," అని కూడా అన్నాడు.

పోయి చూశాం. హాస్యగాడు పెళ్ళిలో లడ్డూలు దొంగిలించే ముక్క కలిపారు. వాన వచ్చింది, బస్సు వచ్చి ఆగింది, హీరో కాఫీ తాగాడు. హాల్లో పదిమంది కూడా లేరు. అత్త ఈసారి ఏమీ అడగలేదు. దార్లో ఆటోలో కూర్చుని, "వాడు వాళ్ళకు ఏం అడ్డమొచ్చినాడు మే?" అంది.

కిషోర్ బాబు ఎలాగో షూటింగు మేనేజరు నంబరు సంపాదించాడు. "నిడివి ఎక్కువైందని ఎత్తేసినారంట వదినా. ట్రైలరు ముందే కట్ చేసుకున్నారంట, సినిమా తర్వాత కట్ చేసినారంట."

"ఎత్తేసిన ముక్క ఉందా అని అడిగినావా?"

"అడిగినా. చూసి చెప్తానన్నాడు. ఇప్పుడు ఫోను ఎత్తడంలా."

అప్పటికీ ట్రైలరు ఫోన్లో ఉంది కదా, అదైనా మిగిలింది కదా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని ఒక సాయంత్రం పెట్టాను. కొట్లాట, ఏడుపు, వాన. కిటికీలోంచి ఆయన తిరిగాడు, నోరు తెరిచాడు. నాకేమీ అనిపించలేదు. మళ్ళీ పెట్టాను. అంతకు ముందు ఆ రెప్పపాటులో ఆయన ఏదో చెప్పబోతున్నాడు. ఎన్నిసార్లు చూసినా చెప్పబోతూనే ఉండేవాడు, అందుకే బతికి ఉండేవాడు. ఇప్పుడు ఏమీ చెప్పడని నాకు తెలుసు. నోరు తెరిచిన బొమ్మ, అంతే. అత్త ఫోను అడగడం ఎప్పుడో మానేసింది. ఆయన్ను రెండోసారి మట్టిలో పెట్టినట్టయింది మా ఇద్దరికీ, ఈసారి ఓదార్చడానికి కూడా ఎవరూ రాలేదు.

మొదటి ఆదివారం వచ్చింది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రొట్టె పెట్టారు. కృపాదానం అయ్యగారు వాక్యం చెప్పడం అయ్యాక, ఒప్పుకోవలసిన వాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి అన్నాడు. నేను లేచాను. నాకది అలవాటే. "సినిమాకు పోయినాను, తప్పయిపోయింది, దేవుడూ సంఘమూ నన్ను క్షమించాల," అన్నాను. ఆమేన్ అన్నారు. కూర్చున్నాను.

అత్త ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. నిలబడింది గానీ నోరు విప్పలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"ఒక్క మాట చెప్పమ్మా చాలు," అన్నాడు అయ్యగారు.

ఆయన బల్ల దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆయన గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.

"నీ దుఃఖం దేవుడికి తెలుసమ్మా. జడ్సన్ యాడికీ పోలేదు. పరలోకంలో ఉండాడు. ఒకరోజు నువ్వు పొయ్యి చూస్తావు, వాడు నీతో మాట్లాడతాడు. ఇంత నమ్మకం పెట్టుకుని సినిమాలో ఎతుక్కోవడం ఏందమ్మా?"

అత్త తలెత్తి ఆయన వైపు చూసింది. కోపం లేదు ఆమె ముఖంలో. సందేహం వచ్చిన మనిషి అడిగినట్టే అడిగింది.

"అయ్యా, వాళ్ళు నాకు చూపించినారయ్యా. నా బిడ్డ ఇట్టా తిరిగి, నోరు తెరిచినాడు. ఈ కళ్ళతో చూసినా. చూసిందాన్ని పట్టుకుని పోతేనే ఆడ లేడు." ఆగి, ఊపిరి తీసుకుంది. "మీరు చూపించలేదు గదయ్యా. చెప్తా ఉండారు, అంతే."

అలా అని కూర్చుంది. ఎవరూ ఆమేన్ అనలేదు. అయ్యగారు బల్ల దగ్గరికి వెనక్కి పోయి కళ్ళు మూసుకున్నాడు. పళ్ళెం వరసల్లోకి వచ్చింది. నేను నా ముక్క తీసుకున్నాను. అత్త పళ్ళెం అందుకుని, దాంట్లోకి చూడకుండా పక్కనామె చేతికి ఇచ్చింది.

ఇంటికొచ్చాం. పప్పుచారు వేడిచేసి అన్నం పెట్టాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి, అత్త ప్రార్థన చేసి ఆమేన్ అననిదే మా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తలేదు. జడ్సన్ ఎంత ఆకలి మీద ఉన్నా చెయ్యి కంచంలో పెట్టుకుని ఆ ఆమేన్ కోసం చూసేవాడు. నేను కళ్ళు మూసుకుని ఆమె గొంతు కోసం ఆగాను. ఎంతసేపటికీ రాలేదు. కళ్ళు తెరిస్తే ఆమె అన్నం కలుపుతోంది.

"తిను మే," అంది. "చల్లారిపోతా ఉండాది."

నేను తిన్నాను.